మట్టి ముచ్చట: చేనుకు కరెంటు పెడితే సీసం పోతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మట్టిలోకి కరెంటు పంపి విషలోహాలను బయటికి లాగే పద్ధతి మీద ఏదో వీడియో ఊళ్లలో తిరుగుతున్నట్టుంది. మొదటి ఉత్తరం చదివి నాకు నిద్ర పట్టలేదు. ఆ రైతు రేపో మాపో తీగలు లాగేలా ఉన్నాడు. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నమస్తే మేడం. మాకు రెండెకరాల చెలక, దాని కింద ఎకరం రేగడి ఉన్నాయి. చెలకకు ఆనుకొని ఒకాయన రేకుల షెడ్డు వేసి పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాడు. ఊరంతా కలిసి లొల్లి చేస్తే రెండేళ్ల కింద షెడ్డు ఎత్తేసి పోయాడు. బూడిద మాత్రం మా గట్టు మీదే వదిలేశాడు. అక్కడ మూడు గుంటల మేర జొన్న కూడా సరిగా మొలవడం లేదు. అటు మేసిన రెండు మేకలు చచ్చిపోయాయి. రెండు ఇనుప రాడ్లు పాతి కరెంటు పంపితే సీసమంతా ఒక రాడ్డు దగ్గరికి వస్తుందని వీడియోలో చూశాను. మా బోరు దగ్గర త్రీ ఫేజ్ ఉంది, వ్యవసాయానికి బిల్లు కూడా లేదు. స్టార్టరు నుంచే తీగ లాగవచ్చా? ఎన్ని రోజులు పెట్టాలి?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: తమ్ముడూ, స్టార్టరు నుంచి తీగ లాగొద్దు. ఇంకేం చదివినా చదవకపోయినా ఈ ఒక్క మాట వినండి. త్రీ ఫేజ్ అంటే 415 వోల్టులు. తడి నేలలో రాడ్లు పాతి దాన్ని వదిలితే ఆ చుట్టుపక్కల అడుగు పెట్టిన మనిషి, గొడ్డు బతకరు. మా చిన్నాన్న కొడుకు వానాకాలం పొద్దున్నే చెప్పుల్లేకుండా వెళ్లి మోటారు పెట్టె ముట్టుకొని పోయాడు. ఆ ఇంటి ముందు నేను కూర్చున్న రోజు ఇప్పటికీ మరిచిపోలేదు.

ప్రాణాపాయం అలా ఉంచితే, ఆ కరెంటుతో పని కూడా జరగదు. బోరుకు వచ్చేది ఏసీ. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. సీసం అటు కాస్త కదిలేలోపే మళ్లీ ఇటు గుంజుతుంది. ఈ పనికి బ్యాటరీలో ఉన్నట్టు ఒకే వైపు నడిచే డీసీ కావాలి. ఇనుప రాడ్లూ పనికిరావు. ప్లస్ వైపు ఉన్న ఇనుము తానే కరిగి మట్టిలో కలుస్తుంది. అందుకే గ్రాఫైట్ కడ్డీలో, పూత పూసిన టైటానియం కడ్డీలో వాడతారు.

అయితే ఆ వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కరెంటు మట్టిలో ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను. నల్లగొండలో భూసార పరీక్షల ల్యాబ్‌లో 26 ఏళ్లు పనిచేశాను. రిటైరయ్యే ముందు ఏడాది, ప్రాజెక్టు పని మీద వచ్చిన ఇద్దరు ఎమ్మెస్సీ ఆడపిల్లలతో కలిసి ఒక ప్లాస్టిక్ టబ్బులో చేసి చూశాం. టబ్బు అడుగు పొడవు. ఎర్ర చెలక మట్టిని జల్లించి, మైలుతుత్తం కరిగించిన నీళ్లతో ముద్దగా కలిపి నింపాం. పిల్లల చేత సీసం ముట్టించడం ఇష్టం లేక మైలుతుత్తం తీసుకున్నాను. అందులో ఉన్నదీ లోహమే, రాగి. పైగా దాని రంగు కంటికి కనబడుతుంది. రెండు చివర్లా గ్రాఫైట్ కడ్డీలు గుచ్చి 30 వోల్టుల డీసీ ఇచ్చాం. సెంటీమీటరుకు ఒక వోల్టు. ఈ పనిలో మామూలుగా వాడే లెక్క అదే.

మొదటి రోజు సాయంత్రానికి ప్లస్ కడ్డీ పక్కన మట్టికి లిట్మస్ కాగితం అద్దితే ఎర్రబడింది. మైనస్ పక్కన నీలంగా మారింది. కరెంటు మట్టిలోని నీటిని విడగొడుతుంది. ప్లస్ దగ్గర ఆమ్లం పుడుతుంది, ఆక్సిజన్ పోతుంది. మైనస్ దగ్గర క్షారం పుడుతుంది, హైడ్రోజన్ వస్తుంది. ఆమ్లం మెల్లగా మట్టిలోకి నడుస్తూ, మట్టి రేణువులకు అంటుకుని ఉన్న లోహాన్ని ఊడదీస్తుంది. అలా నీటిలోకి వచ్చిన లోహం మైనస్ కడ్డీ వైపు కదులుతుంది. బంక ఉన్న మట్టిలో నీళ్లు కూడా అటే ఊరతాయి. మైనస్ పక్కన నీళ్లు పైకి ఉబికి వచ్చాయి, గుడ్డతో అద్ది తీయాల్సి వచ్చింది.

నాలుగో రోజు చూస్తే రాగి ఆగిపోయి ఉంది. మైనస్ కడ్డీకి ఇంకా రెండు వేళ్ల దూరం ఉండగా, టబ్బుకు అడ్డంగా గీత గీసినట్టు నీలి ఆకుపచ్చ పట్టీ. ఎదురుగా వచ్చిన క్షారం తగలగానే రాగి మళ్లీ గట్టిపడి మట్టిలోనే కూర్చుంది. అప్పుడు మైనస్ పక్కన కొద్దికొద్దిగా వెనిగర్ పోస్తూ పోయాం. మూడు రోజులకు పట్టీ పలచబడి, కడ్డీ మీద ఎర్రగా రాగి పూత పట్టింది. ఆ పిల్లలు కడ్డీని కిటికీ దగ్గర ఎండలో పట్టుకొని ఎంతసేపు చూశారో!

తర్వాత అదే పని నల్లరేగడితో చేశాం. అందులో సున్నపు గులకలు ఉన్నాయి, రెండు చుక్కల యాసిడ్ వేస్తే బుస్సున పొంగింది. వారం పెట్టినా ఆమ్లం కడ్డీ దాటి రెండు వేళ్లు కూడా ముందుకు పోలేదు. పుట్టిన ఆమ్లాన్ని పుట్టినట్టే సున్నం తాగేసింది. మీ కింది ఎకరం రేగడి అన్నారు కదా, దాని సంగతి ఇంతే.

ఇప్పుడు అసలు విషయం. కరెంటు లోహాన్ని మాయం చేయదు, కాల్చదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిపిస్తుంది, అంతే. నడిచి వచ్చిన దాన్ని ఆ చివర పట్టుకుని బయటికి తీయాలి. విదేశాల్లో ఈ పని చేసినచోట కడ్డీల చుట్టూ చిల్లుల గొట్టాలు దించి, వాటిలో నీరు తిప్పుతూ, ఆ నీటి నుంచి లోహాన్ని వేరుచేసి ప్రమాదకర వ్యర్థంగా పంపిస్తారు. ఆ ఏర్పాటు లేకుండా రాడ్లు పాతితే మూడు గుంటల సీసం ఒక మూలకు చేరి అక్కడ మరింత చిక్కబడుతుంది.

మీ గట్టు మీద ఉన్నది బ్యాటరీ సీసం. అందులో కంటికి కనబడే తునకలుంటాయి, నీళ్లలో సులభంగా కరగని సీసం ఉప్పులుంటాయి. కరెంటుకు కదిలేది నీళ్లలో కరిగినదే. తునక కరిగేదాకా ఉన్నచోటే ఉంటుంది.

ఖర్చు కూడా చూద్దాం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 1987లో ఒక పాత రంగుల ఫ్యాక్టరీ స్థలంలో ఈ పద్ధతి వాడారు. రోజుకు 10 గంటల చొప్పున 43 రోజులు కరెంటు ఇస్తే సీసం సుమారు 70 శాతం, రాగి 80 శాతం తగ్గాయి. ఘనమీటరు మట్టికి 65 యూనిట్లు ఖర్చయింది. మన గుంటలో, అంటే ఎకరంలో నలభయ్యో వంతులో, జానెడు లోతు, అంటే 20 సెంటీమీటర్ల మట్టి తీసుకుంటే 20 ఘనమీటర్లు. అంటే గుంటకు 1,300 యూనిట్లు. మీ మూడు గుంటలకు 3,900. రెండెకరాలకైతే లక్షా నాలుగు వేల యూనిట్లు. కడ్డీలు, డీసీ యంత్రం, పర్యవేక్షించే ఇంజినీరు, వచ్చిన విషాన్ని పారబోసే ఖర్చు ఇవన్నీ వేరే. ఇంకోటి, ఆమ్లం సీసంతో పాటు కాల్షియం, మెగ్నీషియం, పొటాష్‌ని కూడా వెంట తీసుకుపోతుంది. మా టబ్బులో ప్లస్ పక్క మట్టి పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 అంటే రెండూ కాదు) 3కు పడిపోయింది. అలాంటి మట్టిలో వానపాము కూడా ఉండదు. మళ్లీ సున్నం, ఎరువు పోసి నేలను బతికించుకోవడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇది రెండెకరాల చెలకకు చేసే పని కాదు. చేస్తే ఆ మూడు గుంటలకు చేయాలి. అదీ బూడిద, పైమట్టి ఎత్తేశాక, చేయించాల్సిన వాళ్లు చేయించాలి.

ఇక మీరు చేయాల్సింది. ఈ వారంలోనే బూడిద మీద మందపాటి టార్పాలిన్ కప్పి అంచులకు రాళ్లు పెట్టండి. పై నుంచి వచ్చే వాన నీరు దాని మీదుగా పారకుండా మళ్లించండి. చుట్టూ కంప వేయండి. పశువులు బ్యాటరీ బూడిదను నాకుతాయి, మీ మేకలకు జరిగింది బహుశా అదే. అక్కడ నాగలి గానీ ట్రాక్టరు గానీ పెట్టొద్దు. దున్నితే మూడు గుంటల సీసాన్ని ముప్పై గుంటలకు మీరే పంచినట్టవుతుంది. ఆ మట్టి కాళ్లతో ఇంట్లోకి రావొద్దు. సీసం మనిషికి పంట ద్వారా వచ్చే దానికంటే దుమ్ము ద్వారా, చేతుల నుంచి నోటికి ఎక్కువ చేరుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే డాక్టరును అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ఇది ఆలస్యం చేయొద్దు. చిన్నపిల్లల మెదడును దెబ్బతీసే విషం అది.

మట్టి పరీక్షకు వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. భూసార పరీక్ష కార్డులో వచ్చే 12 అంశాల్లో సీసం ఉండదు, దానిలాంటి మరో విషలోహం కాడ్మియం కూడా ఉండదు. నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఎంతోమంది ఆ కార్డు చూపించి ‘మా భూమి మంచిగుంది మేడం’ అనేవాళ్లు. దాని మీద లేనిదాన్ని కార్డు ఎలా చెబుతుంది? గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో ‘మొత్తం సీసం, మొత్తం కాడ్మియం’ అని అడిగి చేయించండి. మట్టిని ఇనుప గమేళాలో, గడ్డపారతో తీయొద్దు. కట్టెతో గానీ ప్లాస్టిక్ చెంచాతో గానీ ఆరంగుళాల లోతు నుంచి తీసి, కొత్త ప్లాస్టిక్ సంచిలో వేయండి. బూడిద చోట ఒకటి, దానికి పది అడుగుల్లో ఒకటి, యాభై అడుగుల్లో ఒకటి, చేను అవతలి మూల ఒకటి, ఇలా విడివిడిగా తీయండి. అన్నీ కలిపేస్తే విషం ఎక్కడ ఆగిందో తెలియదు. మన దేశంలో నేలకు వాడే హద్దు సీసానికి కిలో మట్టిలో 250 నుంచి 500 మిల్లీగ్రాములు, కాడ్మియానికి 3 నుంచి 6.

ఆ కాగితం చేతిలో ఉంటే మీ మాటకు బలం వస్తుంది. గ్రామ పంచాయతీ తీర్మానం జతచేసి కలెక్టరేట్‌లోనూ, కాలుష్య నియంత్రణ మండలిలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల మీద ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాలను గుర్తించి పంపాలి, మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, పాడుచేసినవాడే ఖర్చు భరించాలి అని అందులో ఉంది. షెడ్డు ఎత్తేసి పోయినంత మాత్రాన అతని బాధ్యత తీరిపోదు. బూడిద ఎత్తిపోయించే పని మీ చేతులతో, మీ ట్రాక్టరుతో చేయకండి, తమ్ముడూ. అది మీ తప్పూ కాదు, మీ పనీ కాదు.

మిగతా చెలకలో హద్దుకు లోపలే వస్తే, పశువుల ఎరువు బాగా పోసి, పీహెచ్ ఆరు కంటే తక్కువ ఉంటే సున్నం చల్లండి. భాస్వరం కూడా సీసాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పాలకూర, ముల్లంగి లాంటివి ఆ పక్కకు వేయొద్దు. ఆముదం వేయండి. మన పాలమూరు, నల్లగొండ చెలకల్లో తాతల నాటి పంట, తినేది కాదు. దాని పిండి మాత్రం మళ్లీ కూరగాయల మడికి ఎరువుగా వేయకండి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా అమ్మకు నడుము వంగిపోయింది, ఫ్లోరైడ్ అన్నారు. లోహాలను లాగినట్టే కరెంటుతో మా భూమిలో ఫ్లోరైడ్‌ను కూడా లాగేయవచ్చా?

జవాబు: అమ్మా, ఫ్లోరైడ్ లోహం కాదు. నీళ్లలో కరిగినప్పుడు దానికి ఉండేది మైనస్ ఆవేశం కాబట్టి ప్లస్ కడ్డీ వైపు పోతుంది, ఆమ్లంలో కంటే క్షారంలో సులభంగా వదులుతుంది. కాబట్టి ప్రయోగశాలలో లాగవచ్చు. కానీ మీ ఊరి ఫ్లోరైడ్ పైమట్టిలో ఎవరో పోసింది కాదు. కింద ఉన్న గ్రానైట్ రాతిలోని ఖనిజాల నుంచి బోరు నీళ్లలోకి ఊరుతోంది. పైన జానెడు మట్టి కడిగినా కింది రాయి ఊరడం ఆగదు.

మీరు చూడాల్సింది తాగే నీళ్లు, వంట నీళ్లు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, 1 లోపల ఉంటే మంచిది. నల్లా నీళ్లు రాని రోజు కూడా బోరు నీళ్లతో అన్నం వండొద్దు, చాయ్ పెట్టొద్దు. చాయ్ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తేర్చే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టి ‘నల్లగొండ పద్ధతి’ అంటారు. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) దాన్ని రూపొందించింది. కరెంటుతోనూ దానికి చుట్టం లాంటి పద్ధతి ఒకటి ఉంది. నీళ్లలో అల్యూమినియం పలకలు పెట్టి డీసీ పంపితే, పటిక చేసే పనే ఆ పలకలు చేస్తాయి. అమ్మగారి ఎముకలకు జరిగింది వెనక్కి రాదు, కానీ ఇంట్లో పిల్లలకు రాకుండా ఆపవచ్చు.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ చదువుతున్నాను. ఈ పద్ధతి కొత్తదా? మన దేశంలో ఎవరైనా చేశారా?

జవాబు: 1809 ప్రాంతంలోనే మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త తడి బంకమట్టిలోకి కరెంటు పంపి, మైనస్ వైపు నీళ్లు పైకి రావడం చూశాడు. మా టబ్బులో మేం గుడ్డతో అద్దింది అదే నీళ్లు! మన వాళ్ల మాట కొస్తే, 1936లోనే అవిభక్త పంజాబ్‌లో పూరి, ఆనంద్ అనే ఇద్దరు చౌడు నేలను కరెంటుతో బాగుచేయడం మీద పరిశోధన పత్రం రాశారు. మట్టిలోని సోడియాన్ని మైనస్ వైపు లాగి, కాస్టిక్ సోడాగా బయటికి తీశారు. ఈ రంగం చరిత్ర రాసే విదేశీయులు కూడా వాళ్ల పేర్లు చెబుతారు. మన కాలేజీ పుస్తకాల్లో మాత్రం నాకు కనబడలేదు, అది బాధ. ఈమధ్య కాలంలో దక్షిణ కొరియాలో జాంగ్‌హాంగ్ అనే ఊళ్లో పాత రాగి శుద్ధి కర్మాగారం పక్కన వరి పొలాల్లోనే ఆర్సెనిక్ (పాషాణం), రాగి, సీసం మీద పెద్ద ఎత్తున చేసి చూశారు. అమెరికాలో పాయింట్ ముగూ అనే నౌకాదళ స్థలంలో క్రోమియం, కాడ్మియం మీద చేస్తే అనుకున్నట్టు రాలేదు. సముద్రపు ఉప్పు అడ్డం వచ్చింది. ఉప్పు ఎక్కువున్న మట్టిలో ప్లస్ కడ్డీ దగ్గర క్లోరిన్ వాయువు కూడా పుడుతుంది.

ప్రాజెక్టుగా చేయాలనుకుంటే మైలుతుత్తంతో, 30 వోల్టులు దాటకుండా, కిటికీలు తెరిచి, మీ మేడం పక్కన ఉండగా చేయండి. రెండు రకాల మట్టి పెట్టండి, చెలక ఒకటి, రేగడి ఒకటి. ప్లస్ కడ్డీ నుంచి ఎంత దూరం దాకా లిట్మస్ ఎర్రబడుతోందో రోజూ స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ కొలతలే మీ ప్రాజెక్టు. మిగిలిన మట్టిని మోరీలో పారేయకండి.

ప్రశ్న: మూసీ కాలువ కింద ఎకరంన్నర వరి, నాలుగు బర్రెలు ఉన్నాయి అక్కా. నీళ్లు నల్లగా, నురగతో వస్తాయి. మాకు కరెంటు పద్ధతి పనికొస్తుందా? ఎండాకాలం కాలువ పూడిక తీస్తారు, దాన్ని పొలానికి తోలుకోవచ్చా?

జవాబు: చెల్లీ, పై నుంచి నీళ్లు రోజూ అలాగే వస్తుంటే కింద మట్టి కడగడం వృథా. అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు ఆ నీళ్లు తేటగానే ఉంటాయి. హైదరాబాద్ దాటేసరికి ఏమవుతుందో మీకు తెలుసు. పై వాళ్లు శుద్ధి చేసి వదిలేదాకా ఏ పద్ధతీ మీకు పనికిరాదు.

పూడిక సంగతి మాత్రం మీ చేతిలోనే ఉంది. లోహాలు తేట నీళ్లలో కంటే అడుగున దిగే బురదలో ఎక్కువ పేరుకుంటాయి. చెరువు మట్టి తోలుకోవడం మనకు తరాల అలవాటు, మంచి అలవాటు కూడా. వాన నీళ్ల చెరువు మట్టి బంగారం లాంటిది. కానీ మూసీ కాలువ పూడికను పరీక్ష చేయించకుండా ఒక్క ట్రాలీ కూడా తోలొద్దు. సీసం, కాడ్మియం, క్రోమియం మూడూ అడగండి. పది మంది రైతులు కలిస్తే ఖర్చు ఒక్కరి మీద పడదు.

వరి విషయంలో, మడిలో నీళ్లు నిలిచి ఉన్నంతకాలం కాడ్మియం గింజలోకి తక్కువ పోతుంది. గింజ పాలు పోసుకునేటప్పుడు మడిని పూర్తిగా ఎండబెట్టకండి. అయితే ఆర్సెనిక్ ఉన్న నేలకు ఈ లెక్క తిరగబడుతుంది, నిలిచిన నీళ్లలోనే అది ఎక్కువ ఎక్కుతుంది. అందుకే పరీక్షలో దాన్ని కూడా చేర్చండి. బర్రెలకు కోసే గడ్డిని బురద అంటకుండా కాస్త పైకి కోయండి, వేసేముందు దులపండి. బర్రెలకు తాగే నీళ్లు మాత్రం కాలువవి పెట్టకండి. పరీక్ష కాగితం వచ్చాక ఫొటో తీసి పత్రికకు పంపండి, అంకెలు చూసి ఏ మడిలో ఏం వేసుకోవచ్చో రాస్తాను.